బీమా క్లెయిమ్ తిరస్కరించారు: వకీలుకు నాలుగో వంతు ఇవ్వాలా?

ప్రశ్న: మాది నర్సంపేట. ఏనుమాముల మార్కెట్‌లో గుమస్తాగా పనిచేసిన మా ఆయన 20 లక్షల జీవిత బీమా తీసుకున్న రెండేళ్ల నాలుగు నెలలకు గుండెపోటుతో చనిపోయారు. షుగర్ ఉన్న సంగతి మోసపూరితంగా దాచారంటూ కంపెనీ రెండు నెలల క్రితం క్లెయిమ్ తిరస్కరించింది. హన్మకొండలో ఒక వకీలు కేసు గెలిపిస్తానని, వచ్చినదాంట్లో నాలుగో వంతు తనకివ్వాలని అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకండమ్మా. నాలుగో వంతంటే 5 లక్షలు. పైగా ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని, వచ్చిన సొమ్ములో వాటా అడగడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధిస్తున్నాయి. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక వ్యాజ్యంలోనే 2017లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది.

ఇక మీ క్లెయిమ్ సంగతి. 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మూడేళ్లు దాటితే ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించకూడదు; మీది ఆ గడువులోపలే కనుక కంపెనీకి ప్రశ్నించే హక్కుంది. అయితే మోసం అనడం వేరు, తప్పు సమాచారం అనడం వేరు. రెండోదైతే కట్టిన ప్రీమియంను 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మోసమన్నప్పుడు, పాలసీదారు జీవించి లేకపోతే, అది మోసం కాదని చూపాల్సిన భారాన్ని చట్టం మీలాంటి వారిపైనే పెట్టింది. అందుకే వకీలు కంటే ముందు కాగితాలు కావాలి. ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం ఇచ్చిన దరఖాస్తు) నకలును, షుగర్ ఉందనడానికి కంపెనీ ఆధారపడిన వైద్య పత్రాలను రాతపూర్వకంగా అడగండి. మన దగ్గర ఫారం నింపేది ఎక్కువగా ఏజెంటే, సంతకం పెట్టేవారు చదివేది అరుదు. అందువల్ల ఆ జవాబులు ఎవరి చేతిరాతో, షుగర్ బయటపడిన తేదీ ఫారం తేదీకి ముందుదో తర్వాతిదో జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే వ్యాజ్యం చాలావరకు అక్కడే తేలుతుంది.

ఆ వివరాలతో కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను, అంటే బీమా ఫిర్యాదులను పరిష్కరించే అధికారిని, ఏడాదిలోపు ఆశ్రయించవచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలుకు ప్రవేశమూ లేదు, మీరే చెప్పుకోవాలి. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకుంది. తీర్పు మీకు అనుకూలమైతే కంపెనీ కట్టుబడాలి, ప్రతికూలమైతే మీరు కట్టుబడనక్కర్లేదు. కానీ అదే విషయంపై వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. తొందరపడి ముందే కేసు వేయించే వకీళ్లు ఈ మాట చెప్పకపోవచ్చు.

వకీలు నిజంగా అక్కరకొచ్చేది జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ముఖ్యంగా వైద్యుడినో ఏజెంటునో ప్రశ్నించాల్సి వచ్చినప్పుడు. కేసు ఏ స్థాయి కమిషన్ పరిధిలోకి వస్తుందో లెక్కించేది బీమా మొత్తాన్ని బట్టి కాదు, చెల్లించిన ప్రీమియంను బట్టి. అది 5 లక్షల లోపుంటే దాఖలు రుసుము కూడా లేదు. గడువు రెండేళ్లు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది కనుక జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సొంత వకీలే కావాలనుకుంటే దశలవారీగా నిర్ణీత ఫీజు కాగితంపై రాయించుకోండి.

ఈలోగా కంపెనీ ప్రీమియం మాత్రమే తిరిగి ఇస్తామని, తుది పరిష్కారమన్న పత్రంపై సంతకం అడిగితే, ఎవరికైనా చూపించకుండా పెట్టకండి.