లేహ్‌లో వేళ్లు తిమ్మిరెక్కితే కాల్షియం తక్కువైనట్టేనా?

లేహ్‌లో ఆక్సిజన్ తక్కువ కాబట్టి రక్తంలో కాల్షియం, పొటాషియం పడిపోతాయట, ఇప్పటినుంచే మాత్రలు మొదలుపెట్టాలా అని అడిగారు. వద్దండి. మూడేళ్ల కిందట నేను అదే పని చేశాను.

విజయవాడ నుంచి ఢిల్లీ, మర్నాడు పొద్దున్నే విమానంలో లేహ్, 3,500 మీటర్ల ఎత్తు. ఆ రాత్రి వేళ్ల కొసల్లో, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు ఉంది. కాల్షియమే అనుకుని వెంట తెచ్చుకున్న మాత్రలు రెండు మింగేశాను. పొద్దున రక్తపరీక్షలో కాల్షియం నార్మల్! పొటాషియం మాత్రం 3.1. మామూలుగా 3.5కి తగ్గకూడదు.

అక్కడి డాక్టరు విడమరిచి చెప్పారు. గాలిలో ఆక్సిజన్ అక్కడా 21 శాతమే. గాలి ఒత్తిడే మన దగ్గరున్నదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు. దాంతో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ తగ్గి, తెలియకుండానే ఊపిరి ఎక్కువగా తీస్తాం, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి రక్తం కాస్త క్షారంవైపు మొగ్గుతుంది. అప్పుడు కాల్షియం కొంత అల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుపోతుంది. మొత్తం కాల్షియం తగ్గదు, ఒంటికి వాడుకోడానికి దొరికేదే తగ్గి తిమ్మిర్లొస్తాయి. ఖాతాలో డబ్బుంది, ఏటీఎంలో లేదన్నమాట. పైగా ఎత్తుప్రదేశాల కోసం నేను వేసుకుంటున్న అసిటజోలమైడ్ కూడా తిమ్మిర్లు తెస్తుంది. (ఆ మందు మీద కూల్‌డ్రింక్ చప్పగా ఉంటుంది. అది తెలియక షాపతనితో గొడవపడబోయాను.)

పొటాషియం కథ వేరు. రక్తం క్షారంవైపు మళ్లితే అది కొంత కణాల్లోకి వెళ్తుంది, అసిటజోలమైడ్ వల్ల కొంత మూత్రంలో పోతుంది. నా కేసులో అసలు దొంగ బీపీ మాత్ర. అందులో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉందని నేను చీటీ చూపించేదాకా ఎవరికీ తెలియదు. అది మార్చి, పొటాషియం సిరప్ ఇచ్చారు. మూడో రోజుకి 3.6.

అలాగని సిరప్ మీరే కొనుక్కోకండి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లకి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి పొటాషియం పెరిగిపోయి గుండె లయ తప్పొచ్చు. వెళ్లేముందు మందుల చీటీ డాక్టరుకి చూపిస్తే చాలు. అక్కడ తలనొప్పితో వాంతులు, నడకలో తూలడం, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తే మాత్రం పరీక్షల కోసం ఆగకండి, వెంటనే కిందికి దిగి ఆసుపత్రికి వెళ్లండి.

మీ చెల్లెలికి రక్తం తక్కువన్నారు కదా, ఆమెకి ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) చూపించండి. పైన నెలల తరబడి ఉంటే ఎర్రకణాలు ఎక్కువగా తయారవుతాయి, దానికి ఇనుము ఖర్చవుతుంది. వారం ట్రిప్పుకి ఆ టెన్షన్ అక్కర్లేదు.