మెడలో మెరిసే బియ్యపు గింజలు
(ఈ వారం ఆరోగ్య ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మా అమ్మకి పోయినేడాది విశాఖలో థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గెడ్డ తీసేశారు, అంతా బాగుందన్నారు. మూడో రోజు నుంచి మూతి చుట్టూ తిమ్మిర్లు, చేతివేళ్లు కొంకర్లు పోవడం మొదలైంది. కాల్షియం పడిపోయిందని మాత్రలు రాశారు, ఇప్పటికీ అవే మింగుతోంది. ఎందుకలా అయిందో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెల్లికీ అదే ఆపరేషన్ అంటున్నారు, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇలా కాకుండా చూసే మార్గం ఏమైనా వచ్చిందా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: వచ్చిందమ్మా. ముందు అమ్మకి ఏమైందో చెప్తాను, ఎందుకంటే అది ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సిన విషయం. థైరాయిడ్ వెనకాల, దానికి అతుక్కునే, బియ్యపు గింజంత గ్రంథులు మామూలుగా నాలుగు ఉంటాయి. పారాథైరాయిడ్ అంటారు. పేరు కలిసింది గానీ పని వేరు, ఒంట్లో కాల్షియాన్ని అదుపులో పెట్టేది ఇవే. చిక్కెక్కడంటే, ఇవి పసుపూ గోధుమా కలిసిన రంగులో చుట్టూ ఉన్న కొవ్వులో కలిసిపోతాయి. చెయ్యి తిరిగిన సర్జన్‌కి కూడా ఏది కొవ్వు ముక్కో ఏది గ్రంథో తేల్చుకోవడం ఒక్కోసారి కష్టం. పొరపాటున ఈ గ్రంథి కోసి తీసిన థైరాయిడ్ ముక్కతోపాటు పోయినా, దానికి రక్తం తెచ్చే సన్నటి నాళం తెగినా కాల్షియం పడిపోతుంది. అమ్మకొచ్చిన తిమ్మిర్లు అవే.

ఇక మార్గం సంగతి. అమెరికాలో నాష్‌విల్ ఊళ్లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఉంది. అక్కడ వెలుగుతో రోగాన్ని పట్టే పరిశోధన చేయిస్తున్నది అనితా మహాదేవన్-జాన్సెన్, బొంబాయి యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివి వెళ్లినావిడ. ఆవిడ బృందం మెడలోని కణజాలం మీద కంటికి కనిపించని పరారుణ కాంతి వేసి చూస్తే, ఈ బుల్లి గ్రంథులు పక్కనున్న థైరాయిడ్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా మెరిశాయి. ఏ మందూ ఎక్కించలేదు, ఏ రంగూ పూయలేదు, వాటంతట అవే! 2011లో ఆ సంగతి ప్రచురించారు. కంటికి కనబడని కాంతి ఏమిటంటారా, టీవీ రిమోట్ ముందు బల్బుని ఫోన్ కెమెరాకి చూపించి బటన్ నొక్కండి, చాలా ఫోన్లలో ఊదా రంగు చుక్క వెలుగుతుంది. మన కంటికి ఏమీ ఉండదు, కెమెరాకి కనిపిస్తుంది. అలాంటి కాంతే.

ఆ పరిశోధన నుంచి పుట్టిన పరికరమే పీటీఐ. పెన్ను లాంటి కడ్డీ కొన కణజాలానికి తాకిస్తే అది పారాథైరాయిడో కాదో చెప్తుంది. 2018 నవంబరులో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతిచ్చింది, అదే సూత్రంతో పనిచేసే ఇంకో కెమెరా పరికరానికి కూడా.

నాకు మరీ నచ్చింది ఆ తర్వాత చేసిన పని. మెరిసినంత మాత్రాన గ్రంథి బతికి ఉన్నట్టు కాదు, రక్తం అందక చచ్చిపోతున్న గ్రంథీ మెరుస్తుంది. అందుకని అదే బృందం ఇంకో దారి పట్టింది. లేజర్ లైటు గోడ మీద వేస్తే వెలుగులో ఇసక చల్లినట్టు చుక్కలు కదులుతుంటాయి చూశారా, అవే చుక్కలు గ్రంథి మీద పడినప్పుడు కింద రక్తం పారుతుంటే చెదిరిపోతాయి, పారకపోతే చెదరవు. దాన్నిబట్టి గ్రంథిని ఉన్నచోటే ఉంచాలా, లేక తీసి సన్నగా తరిగి మెడ కండరంలో నాటాలా అన్నది సర్జన్ ఆపరేషన్ బల్ల దగ్గరే తేల్చుకోవచ్చు. (అవును, నాటితే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది.) ఈ పద్ధతిని 2017లో ప్రచురించారు.

చెల్లి విషయానికొస్తే, పరికరం ఉన్న ఆసుపత్రి కోసం ఊళ్లు పట్టుకు తిరగక్కర్లేదు. థైరాయిడ్ ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్ దగ్గరకు వెళ్లడం దానికంటే ముఖ్యం. వెళ్లినప్పుడు మొహమాటపడకుండా అడగండి: పారాథైరాయిడ్ గ్రంథుల్ని ఎలా గుర్తుపడతారు సార్, ఆపరేషన్ అయ్యాక కాల్షియం ఎప్పుడెప్పుడు చూస్తారు, తిమ్మిర్లొస్తే రాత్రప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలి? అమ్మ మాత్రలు మాత్రం డాక్టరుకి చెప్పకుండా ఆపొద్దు.

ప్రశ్న: స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మిఠాయి రంగు పూస్తే ఎలుక పొట్ట లోపల పేగులు కనిపించాయని చదివాను. నిజమేనా? నా చేతికి పూసి చూడొచ్చా?
– ఇంటర్ విద్యార్థి, రాజాం

జవాబు: నిజమే బాబూ, 2024 సెప్టెంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆ రంగు టార్ట్రజిన్, పసుపుపచ్చ మిఠాయిల పొట్లం మీద ఇ102 అని రాసేది. ఎలా పనిచేస్తుందో తెలియాలంటే వేడి వేడి బజ్జీలు కట్టిన పేపరు చూడు. నూనె పీల్చినచోట అవతలి వైపు అక్షరాలు కూడా కనిపిస్తాయి. పొడి కాగితంలో నారకీ మధ్యనున్న గాలికీ వెలుగు వంగే తీరు వేరు కాబట్టి వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది, గాలి ఉన్నచోట నూనె చేరితే ఆ తేడా తగ్గి వెలుగు దాటుతుంది. చర్మంలో ఈ పేచీ నీటికీ కొవ్వుకీ మధ్య. రంగు నీటిలో కరిగి ఆ తేడాని తగ్గిస్తుంది, ఎర్ర వెలుగు లోపలికి దిగుతుంది. నీళ్లతో కడిగేస్తే చర్మం మళ్లీ మామూలే. చేతికి పూయకు, మన చర్మం ఎలుక చర్మం కంటే సుమారు పది రెట్లు మందం, చెయ్యి పచ్చబడటం తప్ప ఏమీ కనిపించదు. చీకట్లో ఫోన్ టార్చి మీద వేలు అదిమి చూడు, వేలంతా ఎర్రగా వెలుగుతుంది. నీలం, ఆకుపచ్చ వెలుగుల్ని రక్తం మింగేస్తే మిగిలిన ఎరుపు అది.

ప్రశ్న: ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నాక ఆక్సీమీటర్ తప్పు చూపిస్తుందా?
– గృహిణి, చీపురుపల్లి

జవాబు: ఎర్రగా పండిన మామూలు గోరింటాకుతో పెద్ద తేడా ఉండదు. నల్ల కోన్, ముదురు గోళ్ల రంగు మాత్రం వెలుగుని అడ్డుకోవచ్చు, రంగు లేని వేలికి పెట్టి చూడండి. ఇంకో సంగతి, 2020లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు చూస్తే, మీటరు 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా రక్తంలో అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం తేలాయి. చామనఛాయ, నలుపు మనింట్లోనే ఉన్నాయి కదా, అందుకని ఆయాసం వస్తుంటే మీటరు 95 చూపించినా ఆగకుండా ఆసుపత్రికి బయల్దేరండి.