జాజ్ అంతా గందరగోళంగా ఉందా? ముందు బేస్ వినండి

చిన్నప్పటి నుంచి ఇంట్లో కర్ణాటక సంగీతమే, జాజ్ పెడితే ఎవరికి తోచింది వాళ్ళు వాయించేస్తున్నట్టు ఉంటుంది, బెంగళూరులో ఉన్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి, మీకు ఎవరిష్టం అనే కదా అడిగారు. నాకిష్టం పాల్ చాంబర్స్. ట్రంపెట్, శాక్సఫోన్ మహామహులను వదిలేసి బేస్ (పెద్ద వయొలిన్‌లా నిలబెట్టి వాయించే మంద్రస్వరాల తీగ వాద్యం) వాయించే ఆయన పేరు చెప్పడానికి కారణం ఉంది, మీ ఇబ్బందికి మందు ఆయన దగ్గరే దొరుకుతుంది.

ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటిది, 'సో వాట్' పెట్టండి. 1959లో రికార్డ్ చేశారు, అప్పటికి చాంబర్స్‌కి 23 ఏళ్ళు. కాసేపు ఆలాపనలా సాగాక ట్యూన్‌ని బేసే ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు రెండేసి దెబ్బల్లో బదులిస్తారు. మీరు చేత్తో ఆది తాళం వేయండి, బేస్ రెండు అడుగులకు ఒక దెబ్బ చొప్పున. నాలుగు ఆవర్తనాలు ఒకేచోట ఉంటుంది, స్వరాలు మన ఖరహరప్రియవే. ఆ తర్వాత రెండు ఆవర్తనాలు మొత్తం వ్యవహారం అర మెట్టు పైకి జరుగుతుంది, అంటే శ్రుతే జరిగిపోతుంది! తంబురా వింటూ పెరిగిన చెవికి అక్కడ ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టవుతుంది. మళ్ళీ కిందికి దిగి రెండు ఆవర్తనాలు. ఇదంతా ఒక చుట్టు. తొమ్మిది నిమిషాలూ ఆ చుట్టే తిరుగుతుంది, దాని మీదే ఒక్కొక్కరూ వంతులవారీగా మనోధర్మం వాయిస్తారు: మైల్స్‌కి రెండు, శాక్సఫోన్ల మీద జాన్ కోల్ట్రేన్‌కి రెండు, కానన్‌బాల్ ఆడర్లీకి రెండు, పియానో మీద బిల్ ఎవాన్స్‌కి ఒకటి. చుట్టు దొరికిందంటే గందరగోళం సగం పోతుంది, ఎవరు ఎక్కడున్నారో మీకే తెలిసిపోతుంది. మైల్స్ మొదలుపెట్టే చోట డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్కటిస్తాడు చూడండి, ఆ మోత ఇంకా ఆరకముందే ట్రంపెట్ వచ్చేస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినాల్సిన చోటు అది.

చాలామంది ఫ్యూజన్‌తో (మన సంగీతం, జాజ్ కలిపి వాయించేవి) మొదలుపెట్టమంటారు, నేను ఒప్పుకోను. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించినవి అద్భుతం, కానీ అక్కడ మీ చెవి మనవాళ్ళ వెంటే పోతుంది, జాజ్ ఎలా నడుస్తుందో పట్టుకోదు. ఐదు దెబ్బల లెక్కలో నడిచే జాజ్ ట్యూన్ 'టేక్ ఫైవ్' కూడా చెబుతారు. బాగుంటుంది, కాకపోతే ఐదు కదా అని ఖండచాపు వేస్తే తేడా కొడుతుంది: మనది రెండు, మూడు, అది మూడు, రెండు.

లైవ్‌గా వినడానికి వైట్‌ఫీల్డ్‌లో జాజ్ కచేరీలు జరిగే విండ్‌మిల్స్ ఉంది (సాయంత్రం ఆ ట్రాఫిక్‌లో వెళ్ళడం మీ ఓపిక). ఎక్కడికెళ్ళినా డ్రమ్మర్ చేతులు కనపడే సీటు చూసుకోండి. ఒక కచేరీలో పియానో ఆయన వాయిస్తూ వాయిస్తూ ఒక వేలితో నెత్తి మీద తట్టుకున్నాడు, పక్కనే ఉన్న మా ఆవిడ "పాపం, తలనొప్పేమో" అంది. ఇక మొదటి ట్యూన్‌కి వెళ్దాం అని మిగతావాళ్ళకు సైగ అది, మనవాళ్ళు ముక్తాయింపుకి ముందు కళ్ళతోనే చెప్పుకుంటారు చూడండి, అలాగన్నమాట. దానికి ముందు శాక్సఫోన్ నాలుగు బార్లు (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల ముక్క), డ్రమ్స్ నాలుగు బార్లు వంతులేసుకుంటే తని ఆవర్తనంలో మృదంగం, ఘటం మధ్య జరిగే సవాల్ జవాబే అనుకోండి.

ఇవన్నీ అలవాటయ్యాక, కావాలంటే ఫ్యూజన్ అప్పుడు వినండి, అది కూడా మన ఊరి నుంచే. చార్లీ మరియానో అనే అమెరికన్ శాక్సఫోన్ ఆయన బెంగళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ వాళ్ళతో చేసిన 'జ్యోతి' 1983లో వచ్చింది. ఆర్.ఎ. రామమణి గాత్రం, టి.ఎ.ఎస్. మణి మృదంగం. ఇంత మంచి రికార్డు గురించి ఈ ఊళ్ళో మాట్లాడేవాళ్ళే కనపడరు, అదే నాకు కడుపుమంట.

కోల్ట్రేన్ 'అసెన్షన్' జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. నలభై నిమిషాల కుంభవృష్టి అది, నేనింకా చివరిదాకా వినలేదు.