ఆయాసం లేకపోయినా మైట్రల్ వాల్వు ఆపరేషన్ ఇప్పుడే ఎందుకు?

ఆదోనిలో ఉన్న మీ అమ్మగారికి మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం) రేకు చెడి లీకు తీవ్రంగా ఉంది, ఆయాసం లేదు, గుండె స్కాన్ ఎకోలో ఈఎఫ్ 58 శాతం. నార్మలే కదా, ఆగొచ్చా అని అడిగారు. ఆగొద్దనే నేను చెబుతాను.

ఈ జబ్బులో ఆ 58ని నమ్మకూడదు. ఈఎఫ్ అంటే ఎడమ జఠరిక, అంటే గుండె ఎడమ కింది గది, తనలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే శాతం. మీ అమ్మగారిలో అలా నెట్టిన రక్తంలో కొంత ముందుకు పోకుండా వెనక్కి, పై గదిలోకి పోతోంది. అక్కడ ఒత్తిడి తక్కువ. అలసిన కండరం కూడా సులువుగా నెట్టేస్తుంది, అంకె బాగా కనబడుతుంది. వాల్వు సరిచేసి ఆ దారి మూసేశాక అసలు బలం తెలుస్తుంది, ఈఎఫ్ తరచూ కొంత పడుతుంది. కండరం అప్పటికే బాగా దెబ్బతింటే ఎంత చక్కగా కుట్టినా గుండె పూర్తిగా కోలుకోదు.

అందుకే ఇలాంటి లీకులో ఈఎఫ్ 60 లేదా అంతకన్నా తగ్గినా, గుండె ముడుచుకున్నప్పుడు జఠరిక లోపలి వెడల్పు 40 మి.మీ.కు చేరినా, లక్షణాలు లేకున్నా ఆపరేషన్ చేయమంటాయి మార్గదర్శకాలు. రిపోర్టులో ఎల్‌వీఐడీ-ఎస్ దగ్గర ఆ కొలత ఉంటుంది, చూడండి.

ఆయాసం లేదన్న మాట కూడా సరిచూసుకోండి. మునుపు మార్కెట్టుకు నడిచిపోయిన మనిషి ఇప్పుడు ఆటో ఎక్కుతోందా? పని తగ్గించుకున్నవాళ్లకు ఆయాసం తెలియదు.

కర్నూలు సర్వజన ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ల విభాగం ఉంది. రిపేరు కుదురుతుందా, వాల్వు మార్చాలా అని సర్జన్‌ను తప్పక అడగండి. రుమాటిక్ జ్వరంతో గట్టిపడిన వాల్వుకు రిపేరు కష్టం, సాగిన రేకుకైతే చాలావరకు కుదురుతుంది.