రాళ్ల ఏటికి వెళ్లాలనుకుంటున్నారా? ఒక మోచేయి దెబ్బ నేర్పిన సంగతులు

ఊళ్లకు దూరంగా, జనం పెద్దగా రాని రాళ్ల ఏటి దగ్గర ఒక రోజంతా గడపాలనుకుంటున్నామని, ఇద్దరికీ ఈత రాదని, అసలు అక్కడ చేయడానికి ఏముంటుందని, ప్రమాదమేమైనా ఉందా అని అడిగారు కదా. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. నీళ్లలో దిగకపోయినా రోజు ఇట్టే గడిచిపోతుంది. కాకపోతే "ప్రశాంతంగా ఉంది" అన్న మాట చెట్లకీ గాలికీ వర్తిస్తుంది గానీ నీళ్లకి కాదు. అది నాకు దెబ్బ తగిలాక గానీ తెలియలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ నా స్నేహితుడూ మోకాలి కన్నా తక్కువ లోతున్న చోట అవతలి ఒడ్డుకి దాటాం. పట్టున్న చెప్పులతో జాగ్రత్తగానే దాటాను. దాటాక మాత్రం ఏరు దాటి తెప్ప తగలేసినవాడిలా చెప్పులు విప్పి సంచిలో పడేశాను, ఎండకి వెచ్చబడ్డ బండ మీద ఉత్త కాళ్లతో నడుస్తుంటే భలే హాయిగా ఉంది మరి. ఆ బండ నీళ్లలోకి దిగే అంచు దగ్గర ఒక జానెడు మేర నల్లగా ఉంది. తడి అనుకున్నాను. అది తడి కాదు, పాచి. కాలు పెట్టడం, ఆకాశం కనిపించడం, ఎడమ మోచేయి బండకి కొట్టుకోవడం అన్నీ ఒకేసారి జరిగిపోయాయి.

అంతకన్నా భయపెట్టిన విషయం ఇంకోటి. ఇరవై అడుగుల దూరంలో ఉన్న మావాడిని గట్టిగా మూడుసార్లు పిలిచాను, వాడు వెనక్కి తిరగలేదు. తప్పు వాడిది కాదు, వాడికి నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. దూరం నుంచి జోలపాటలా ఉండే ఆ చప్పుడు పక్కనే నిలబడితే మనిషి గొంతుని మింగేస్తుంది. అందుకే ఇద్దరూ ఒకరికొకరు ఎప్పుడూ కనిపిస్తూ ఉండండి, మెడలో ఒక విజిల్ వేసుకుంటే ఇంకా మంచిది. అన్నట్టు, ఆ గలగల రాళ్లకి నీళ్లు తగలడం వల్ల వచ్చేది అనుకునేవాణ్ణి, ఎక్కువ భాగం నీళ్లలో చిక్కుకున్న గాలి బుడగలదట. ఒక్కో బుడగా చిన్న గంటలా కంపిస్తుంది, చిన్న బుడగ సన్నగా, పెద్ద బుడగ బొంగురుగా. డచ్ శాస్త్రవేత్త మార్సెల్ మిన్నార్ట్ 1933లోనే దీనికి లెక్క కట్టాడు. ఇది తెలిశాక ఏటి దగ్గర కళ్లు మూసుకుని కూర్చుంటే, ఎక్కడ నీళ్లు చిన్న రాళ్ల మీద పారుతున్నాయో, ఎక్కడ పై నుంచి మడుగులోకి దూకుతున్నాయో చెవితోనే పోల్చుకోవచ్చు. నాకైతే ఇదో కాలక్షేపం.

చప్పుడు లేని చోటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మడుగు అద్దంలా కదలకుండా ఉంటుంది, అడుగున రాయి స్పష్టంగా కనిపిస్తుంది, దిగితే నడుము లోతేలే అనిపిస్తుంది. వెలుతురు నీళ్లలోంచి బయటికి వచ్చేటప్పుడు వంగుతుంది కాబట్టి లోతు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. నిలువుగా కిందికి చూసినా నాలుగడుగుల లోతు మూడడుగుల్లా ఉంటుంది, ఒడ్డు నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. ఈత రాదన్నారు కాబట్టి కంటి లెక్కని నమ్మొద్దు, పొడవాటి కర్రతో చూసుకోండి. నిజానికి కర్ర అందినా సరే, మడుగు జోలికి పోవద్దనే నా సలహా.

పారే చోట సంగతి వేరు. అక్కడ లోతుకన్నా వడి ముఖ్యం. నీళ్ల వేగం రెండింతలైతే మన కాళ్ల మీద తోపుడు నాలుగింతలవుతుంది, అందుకే చీలమండ లోతు నీళ్లలో చక్కగా నిలబడ్డవాళ్లు నాలుగడుగులు వేసి ఇరుకు సందులోకి రాగానే తూలిపోతారు. ఒకవేళ పడి కొట్టుకుపోతుంటే వెంటనే లేచి నిలబడాలని చూడొద్దు. పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే నీళ్లు మనిషిని ముందుకి వంచి ముంచేస్తాయి. వెల్లకిలా తేలుతూ, కాళ్లు నీళ్లు పారే వైపు పెట్టి, కాలి వేళ్లు పైకి ఉంచి, వడి తగ్గి నీళ్లు మోకాలి కిందికి వచ్చాకే లేవాలి. చదవడానికి తేలికే, ఆ టెన్షన్‌లో గుర్తుండాలి కదా, అందుకే ముందే ఒకసారి ఇద్దరూ మాట్లాడుకోండి.

ఇంకో అలవాటు చేసుకోండి. వెళ్లగానే నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకోండి. రెండోసారి వెళ్లినప్పుడు మా నెత్తిన ఎండ మాడుతోంది, మబ్బు జాడే లేదు. గంటకోసారి ఆ రాయిని చూస్తున్నాను. మధ్యాహ్నం చూస్తే అది సగం మునిగింది, నీళ్లు కాస్త టీ రంగుకి మారాయి, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. ఎగువన ఎక్కడో వాన పడిందన్నమాట. మారు మాట్లాడకుండా సామాను సర్దుకుని పైకి ఎక్కేశాం. అరగంటలో మేం కూర్చున్న బండ కనిపించలేదు. ఎగువన డ్యామ్ ఉంటే వాన లేకుండా కూడా ఇలా జరగొచ్చు, నీళ్లు వదిలే సంగతి ముందే కనుక్కోండి. నడి ఏట్లో ఉన్న బండ మీద మాత్రం తిష్ట వేయొద్దు, నీళ్లు పెరిగితే వెనక్కి దారి ఉండదు.

ఇక చేయడానికి ఏముంటుందని కదా అడిగారు. నీళ్లు పాదం మునిగేంత ఉన్న అంచున అరచేయంత రాయిని మెల్లగా తిప్పి చూడండి. కింద ఇసుక రేణువులతో కట్టిన సన్నటి గొట్టాలు అంటుకుని ఉండొచ్చు. చెత్త అనుకునేరు, ఒక రకం పురుగు తన నోటి నుంచి తీసిన పట్టుదారంతో రేణువులు అతికించి కట్టుకున్న ఇల్లది. దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని కదలకుండా ఉంటే, కాసేపటికి ముందు చివర నుంచి చిన్న తలా కాళ్లూ బయటికి వస్తాయి. నేను చూసినప్పుడు ఊపిరి కూడా బిగబట్టాను. చూశాక రాయిని ఎలా ఉందో అలాగే బోర్లించేయండి, అది వాటి ఇంటి కప్పు. ఫొటోల కోసం రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్లంటే నాకు అందుకే చిరాకు.

పెద్ద బండల్లో రోలులాంటి గుంటలు కనిపిస్తే లోపల చెయ్యి పెట్టి తడమండి (లోపల ఏముందో ముందు చూసుకుని). అడుగున గుండ్రటి గులకరాళ్లు దొరుకుతాయి. సుడిలో పడి గిరగిరా తిరుగుతూ ఏళ్ల తరబడి ఆ రోలు తొలిచినవి ఇలాంటి రాళ్లే. గులకరాళ్ల మేట మీద చదును రాళ్లని కూడా గమనించండి, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఆని, పై అంచు దిగువ వైపు వాలి ఉంటాయి. ఎప్పుడో ఎండిపోయిన ఏళ్లు ఏ దిక్కుకి పారాయో భూగర్భ శాస్త్రవేత్తలు ఈ వాలుని చూసే చెబుతారు.

తేటగా ఉన్నాయని నీళ్లు తాగొద్దు, ఎగువన ఏ జంతువు దిగిందో మనకు తెలియదు. సబ్బు ఏట్లో వాడొద్దు, సహజమైనదని రాసి ఉన్నా సరే. సిగ్నల్ ఉండకపోవచ్చు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. పొద్దు వాలకముందే బయల్దేరండి, మసక చీకట్లో పొడి బండకీ పాచి బండకీ తేడా తెలియదు. చెప్పులు మాత్రం, మీరు బండి ఎక్కేదాకా విప్పొద్దు.