"అంతా వివరణే, విశ్లేషణ ఏది?" అంటున్నారు మా గైడ్

ప్రశ్న: పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. విద్యార్థుల ఫోన్ వాడకం, నిద్ర అనే అంశం మీద డిసర్టేషన్ రాస్తున్నా. దొరికిన పేపర్లన్నీ చదివి ఒక్కోదాని సారాంశం వరసగా రాసిస్తే, మా గైడ్ "అంతా వివరణే, విశ్లేషణ ఏది?" అని వెనక్కి ఇచ్చేశారు. రెండింటికీ తేడా ఏంటి? ఏ అధ్యాయంలో ఏం రాయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు పడ్డ శ్రమ ఎక్కడికీ పోలేదండీ, ఆ సారాంశాలతోనే ఇప్పుడు అసలు పని మొదలవుతుంది. అకడమిక్ రచనలో సాధారణంగా నాలుగు రకాలు చెబుతారు: వివరణ, విశ్లేషణ, వాదన, విమర్శ. ఒకే డిసర్టేషన్‌లో ఈ నాలుగూ ఉంటాయి, ఒక్కోసారి ఒకే పేరాలో కూడా. ఎవరు ఏం చేశారు, ఏం తేలింది అని చెప్పడం వివరణ. అది లేకుండా ముందుకు వెళ్లలేం, కానీ మీరు అక్కడే ఆగిపోయారు.

మీ అధ్యాయంలో "ఫలానావారు నిద్ర తగ్గిందన్నారు, ఫలానావారు పెద్ద తేడా లేదన్నారు" అని వరసగా ఉందనుకుందాం. అవే పేపర్లను ఇంకోలా విడదీసి చూడండి: ఫోన్ ఎంతసేపు వాడారో విద్యార్థులనే అడిగి రాసుకున్నవి ఒకవైపు, ఫోన్‌లో నమోదైన సమయాన్ని తీసుకున్నవి ఇంకోవైపు. రెండు గుంపుల ఫలితాలూ వేరువేరుగా వస్తున్నట్టు కనిపిస్తే, మీ పేరా "ఫలితాల్లో తేడాకి కొంత కారణం వాడకాన్ని కొలిచిన పద్ధతి కావచ్చు" అని మొదలవుతుంది. ఈ మాట ఆ పేపర్ల సారాంశం కాదు, వాటిని పక్కపక్కన పెట్టి చూసినందువల్ల మీకు తోచింది. మీ గైడ్ అడుగుతున్నది సరిగ్గా ఇదే.

అక్కణ్నుంచి "కాబట్టి అడిగి రాసుకున్న లెక్కలొక్కటే నమ్మితే చాలదు" అని ఒక పక్షాన నిలబడి ఆధారాలు చూపిస్తే వాదన అవుతుంది. అవతలివాళ్ల మాటని కూడా న్యాయంగా చెప్పి, రెంటినీ తూచి, మీ మాటకున్న పరిమితులూ ఒప్పుకుంటే విమర్శ. ఉత్తినే తప్పులు ఏరితే సరిపోదు.

ఇక అధ్యాయాల సంగతి. మీలా సర్వేలు, కొలతలు ఉన్న పరిశోధనకి పరిచయం, పద్ధతి, ఫలితాలు, చర్చ అనే వరస సరిపోతుంది. 20వ శతాబ్దంలో సైన్స్ పత్రికల్లో స్థిరపడిన క్రమం ఇది. మీరు చదివిన పేపర్ల సమీక్ష పరిచయంలో భాగంగానో, దాని తర్వాత విడి అధ్యాయంగానో వస్తుంది. ఎక్కువమంది తడబడేది ఫలితాల దగ్గర. అక్కడ మీకు దొరికిన అంకెలు, పట్టికలు మాత్రమే ఉండాలి, అవి అలా ఎందుకు వచ్చాయన్నది చర్చలో రాయాలి. రెండూ కలిపేస్తే ఏది మీరు కొలిచిందో, ఏది మీ అభిప్రాయమో చదివేవారికి తెలియదు. (సాహిత్యం, చరిత్ర లాంటి సబ్జెక్టులకి ఈ వరస అతకదు, అక్కడ అధ్యాయాలు వాదన నడిచే తీరుని బట్టి ఏర్పడతాయి.) సంక్షిప్తి (అబ్‌స్ట్రాక్ట్, అంటే మొత్తం డిసర్టేషన్ సారాంశం) చివర్లో రాయండి, మామూలుగా 150 నుంచి 250 పదాలు, మీ యూనివర్సిటీ నియమం వేరే ఉంటే అదే పాటించండి. అందులో ఏం తేలిందో కూడా తప్పకుండా చెప్పండి, చాలామంది "చర్చించడమైనది" అని వదిలేస్తారు.

మళ్లీ గైడ్‌కి చూపించే ముందు మీ సమీక్షలోని ప్రతి పేరా మొదటి వాక్యాన్ని విడిగా ఒక కాగితం మీద రాసుకోండి. ఏ వాక్యం పరిశోధకుడి పేరుతో మొదలైందో ఆ పేరాని ముందుగా తిరగరాయండి.