కాఫీయే కారణమా? ముందు సిగరెట్ లెక్క తేల్చండి

మీ కేస్ కంట్రోల్ స్టడీలో (జబ్బు ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పోల్చే అధ్యయనంలో) కాఫీ తాగేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆడ్స్ రేషియో 2 వచ్చింది (అంటే తాగనివాళ్లతో పోలిస్తే జబ్బు ఆడ్స్ రెండింతలు; 1 అయితే తేడా లేనట్టు), కాఫీయే కారణమని రాయొచ్చా అని అడిగారు. అప్పుడే రాయకండి. కాఫీ బాగా తాగేవాళ్లలో సిగరెట్ కాల్చేవాళ్లూ ఎక్కువే ఉండొచ్చు. డేటాని ఎప్పుడూ ముట్టనివాళ్లు, మానేసినవాళ్లు, ఇప్పుడు కాల్చేవాళ్లుగా విడగొట్టి మళ్లీ చూడండి. అన్ని గుంపుల్లోనూ 1 దగ్గరికి దిగిపోతే ఆ తేడా పొగది. రోజుకెన్ని, ఎన్నేళ్లుగా అన్నదీ కలపండి. ఉత్త 'అవును, కాదు' రాసుకుంటే పొగ ప్రభావం కొంత కాఫీ ఖాతాలోనే మిగిలిపోతుంది.

అప్పటికీ సంబంధం నిలిస్తే, సంబంధం వెనక నిజంగా కారణం ఉందా అని తేల్చుకోడానికి బ్రిటిష్ గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1965లో చెప్పిన తొమ్మిది అంశాలు చూడండి. మార్కులు వేసి కూడడానికి మాత్రం కాదు. తప్పనిసరైనది ఒక్కటే: అలవాటు జబ్బుకి ముందే ఉండాలి. జబ్బు మొదలవక ముందు ఎన్ని కప్పులు తాగేవారో అడిగారా?